సూర్యుడి మీదుగా స్పేస్ స్టేషన్: అర సెకను ఫోటోకి ఏం కావాలి, ఏం అక్కర్లేదు

ఫోన్ రివ్యూల్లో జూమ్ టెస్ట్ అనగానే అందరం కెమెరాని చంద్రుడి వైపే తిప్పుతాం. ఆ టెస్ట్‌లో ఫోన్లు ఎప్పుడో చదువుకొచ్చేశాయి. 2023 మార్చిలో ఒక రెడిట్ యూజర్ చంద్రుడి ఫోటోని కావాలనే మసక చేసి, మానిటర్ మీద పెట్టి, గదిలో లైట్లు ఆపేసి, ఓ ఫ్లాగ్‌షిప్ ఫోన్‌తో దూరం నుంచి షూట్ చేసి చూపించారు. మానిటర్ మీద లేని గుంటలు, మచ్చలు ఫోన్ తీసిన ఫోటోలో వచ్చాయి. చంద్రుడు ఎలా ఉంటాడో ఫోన్‌కి ముందే తెలుసు కాబట్టి మిగతాది అదే నింపేసింది.

అందుకే ఫోన్ ముందుగా చదువుకోలేని సబ్జెక్ట్ ఒకటి ఉంటే బాగుండు అని వెతుక్కున్నాను. దొరికింది. ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్ సూర్యుడి ముందు నుంచి దాటిపోయే క్షణం. దీన్నే సోలార్ ట్రాన్సిట్ అంటారు. నడినెత్తిన జరిగితే అర సెకను, కాస్త కిందుగా జరిగితే సెకను. అంతే. ఏ సెకనులో, సూర్యబింబం మీద ఎక్కణ్నుంచి ఎక్కడికి ఆ చుక్క పోతుందన్నది మీరు నిలబడ్డ చోటుని బట్టి మారుతుంది. పక్క ఊళ్లో ఉన్నవాడికి వేరే గీత, ఇంకో పది కిలోమీటర్లు దాటితే అసలు ఏమీ ఉండదు. ఏఐ ఎంత తెలివైనదైనా దీన్ని మీ తరఫున ఊహించి గీయలేదు. గీసినా లెక్క వేసి పట్టేయొచ్చు.

ఈ ఆర్టికల్‌లో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ ఫోటోకి లక్షన్నర ఫోన్ అక్కర్లేదు. కావాల్సినవి మూడు: సరైన ఫిల్టర్, సరైన చోటు, సరైన సెకను. కెమెరా నాలుగో స్థానంలో వస్తుంది. ఎందుకో అంకెలతోనే చూద్దాం.

అసలు ఎంత కనిపిస్తుంది?

స్పేస్ స్టేషన్ ఒక చివర నుంచి ఇంకో చివరకి సుమారు 109 మీటర్లు ఉంటుంది. ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత అనుకోండి. భూమికి దాదాపు 400 నుంచి 420 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకి 7.6 కిలోమీటర్లకి పైగా వేగంతో తిరుగుతుంది. గంటన్నరకి ఒక చుట్టు.

సరిగ్గా నెత్తి మీద ఉన్నప్పుడు అది సూర్యుడి వెడల్పులో 35వ వంతు కనిపిస్తుంది. అంటే నిమ్మకాయ మీద ఆవగింజ. సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటే స్టేషన్ మనకి 500 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది కాబట్టి 43వ వంతుకి తగ్గుతుంది. 30 డిగ్రీల ఎత్తుకి దిగితే 60వ వంతు కన్నా చిన్నది.

ఇప్పుడు దీన్ని ఫోన్ పిక్సెళ్లలోకి మార్చుదాం. 12 మెగాపిక్సెల్ ఫోటో, 4000 పిక్సెళ్ల వెడల్పు అనుకుంటే:

మామూలు మెయిన్ కెమెరా, అంటే 24 ఎంఎం: సూర్యుడు మొత్తం సుమారు 25 పిక్సెళ్లు. స్టేషన్ ఒక పిక్సెల్ కూడా రాదు.

ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌లో ఉన్నలాంటి 5ఎక్స్ టెలిఫోటో, 120 ఎంఎం: సూర్యుడు 120 పిక్సెళ్లు, స్టేషన్ 3.

గెలాక్సీ ఎస్23 అల్ట్రాలో ఉన్న 10ఎక్స్ పెరిస్కోప్, 230 ఎంఎం: సూర్యుడు 240 దగ్గర, స్టేషన్ 6.

మార్కెట్‌లో ఉన్న పెద్ద ఆప్టికల్ జూమ్‌తో కూడా ఆరు పిక్సెళ్ల చుక్క వస్తుంది. 100ఎక్స్ డిజిటల్ జూమ్ చేస్తే ఆ ఆరు పిక్సెళ్లే సాగుతాయి తప్ప కొత్త వివరం రాదు.

ఇప్పుడు అదే మెయిన్ కెమెరాని 70 ఎంఎం అద్దం, 700 ఎంఎం ఫోకల్ లెంగ్త్ ఉన్న బేసిక్ టెలిస్కోప్‌కి తగిలించండి. 25 ఎంఎం ఐపీస్ పెడితే 28 రెట్ల జూమ్ అవుతుంది. 4కే వీడియోలో సూర్యుడు దాదాపు 660 పిక్సెళ్లు వస్తాడు, స్టేషన్ 15. 10 ఎంఎం ఐపీస్ పెడితే 70 రెట్లు, సూర్యుడు 1650, స్టేషన్ 38 పిక్సెళ్లు. ఇక్కడికి వచ్చేసరికి అది చుక్క కాదు. రెండు పక్కలా సోలార్ ప్యానెళ్ల రెక్కలు, మధ్యలో నడుము, ఇంగ్లిష్ హెచ్ అక్షరంలాంటి ఆకారం తెలుస్తుంది.

అంటే ఫ్లాగ్‌షిప్ ఫోన్‌లోని పెరిస్కోప్ కన్నా, మిడ్‌రేంజ్ ఫోన్ ప్లస్ చిన్న టెలిస్కోప్ రెండున్నర నుంచి ఆరు రెట్లు ఎక్కువ వివరం ఇస్తాయి. నా టెలిస్కోప్ సెకండ్‌హ్యాండ్‌ది. దానికి పెట్టిన డబ్బు నా ఫోన్ ధరలో మూడో వంతు కూడా కాదు.

ముందు కళ్లు, తర్వాతే కెమెరా

ఈ భాగం స్కిప్ చేయకండి. మిగతా ఆర్టికల్ అంతా మర్చిపోయినా పర్లేదు గానీ ఇది గుర్తుంచుకోవాలి.

ఫిల్టర్ లేని టెలిస్కోప్‌లోంచి సూర్యుణ్ని ఒక్క క్షణం చూసినా చూపు పోవచ్చు. రెటీనాకి నొప్పి తెలిసే నరాలు ఉండవు. కాబట్టి కాలుతున్నప్పుడు తెలియదు, తర్వాత ఎప్పుడో చూపు మధ్యలో మచ్చ కనబడినప్పుడే తెలుస్తుంది. ఫోన్ సెన్సర్‌కీ అదే గతి. కాకపోతే అది మార్చుకోవచ్చు.

గ్రహణాలప్పుడు మన ఇళ్లల్లో ఎక్స్‌రే ఫిల్ములు, పొగ పట్టించిన గాజు ముక్కలు, పాత సీడీలు బయటికొస్తాయి. ఏదీ పనికిరాదు. వెలుతురు తగ్గినట్టు కనిపించినా కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ దాటి వచ్చేస్తుంది. పళ్లెంలో పసుపు నీళ్లు పోసి నీడ చూసే పాత పద్ధతి కూడా ఆవగింజని చూపించలేదు.

వాడాల్సింది సోలార్ ఫిల్టర్ ఫిల్మ్. బాడర్ ఆస్ట్రోసోలార్ లాంటివి దీనికోసమే తయారవుతాయి. డెన్సిటీ 5.0 అని రాసి ఉన్నది తీసుకోండి. అది లక్షలో ఒక వంతు వెలుతురునే లోపలికి పంపిస్తుంది. 3.8 అని ఇంకోటి దొరుకుతుంది, అది కెమెరాకి మాత్రమే. దాంట్లోంచి కంటితో చూడకూడదు. ఇంట్లో రెండూ ఉంటే ఏదో ఒకరోజు తారుమారు అవుతాయి, అందుకే 5.0 ఒక్కటే చాలు అంటాను.

గుర్తుంచుకోవాల్సిన రూల్స్ ఇవి:

ఫిల్టర్ ఎప్పుడూ టెలిస్కోప్ ముందు భాగంలో, పెద్ద అద్దం వైపు ఉండాలి. ఐపీస్ వైపు కాదు. ముందు నుంచి ఫిల్టర్ లేకుండా వచ్చిన ఎండ అంతా వెనక ఒక బిందువు దగ్గర పోగవుతుంది, అక్కడ ఏది పెట్టినా మాడుతుంది.

కొన్ని చవక టెలిస్కోప్ కిట్లలో ఐపీస్‌కి బిగించే నల్లటి చిన్న గాజు బిళ్ల ఇస్తారు, దాని మీద సన్ అని రాసి ఉంటుంది. వేడికి అది పగులుతుంది, అప్పుడు మీ కన్ను దాని వెనకే ఉంటుంది. దాన్ని చెత్తబుట్టలో వేయండి. దాచుకోవద్దు, పిల్లల చేతికి చిక్కుతుంది.

గ్రహణం కళ్లజోడు పెట్టుకుని ఫిల్టర్ లేని టెలిస్కోప్‌లోంచి చూడొద్దు. ఆ జోడు ఉత్త కంటికి మాత్రమే.

టెలిస్కోప్ పక్కన ఉండే చిన్న ఫైండర్‌ని ఊడదీసేయండి, లేదా మూత పెట్టి టేప్ వేయండి. దానికీ లెన్స్ ఉంది, దాంతోనూ కాలుతుంది.

ఫిల్టర్‌ని టేప్‌తో నాలుగు పక్కలా బిగించండి. గాలికి ఊడకూడదు. ప్రతిసారీ పెట్టే ముందు టార్చ్ వెలుతురుకి అడ్డం పెట్టి సూది బెజ్జాలు ఉన్నాయేమో చూడండి. ఒక్క బెజ్జం ఉన్నా కొత్తది కొనండి.

సూర్యుడి వైపు గురి పెట్టడానికి టెలిస్కోప్ గొట్టం వెంట కన్ను పెట్టి చూడక్కర్లేదు. నేల మీద గొట్టం నీడ చూడండి. నీడ చిన్నదై గుండ్రంగా అయినప్పుడు అది సూర్యుడి వైపే ఉన్నట్టు.

ఎక్కడ నిలబడాలి?

దీన్ని అర్థం చేసుకోడానికి నాకు నచ్చిన దారి ఇది. ట్రాన్సిట్ అంటే స్పేస్ స్టేషన్ నీడ మీ మీద పడటం. వేసవిలో చిన్న మబ్బు నీడ పొలాల మీదుగా పరుగెత్తడం చూశారు కదా. అలాగే స్పేస్ స్టేషన్‌కీ నేల మీద పరుగెత్తే నీడ ఉంటుంది. అది సూర్యుణ్ని వెయ్యో వంతు కూడా కప్పదు కాబట్టి ఆ నీడ కంటికి కనబడదు, అంతే. వేగం సెకనుకి ఏడు కిలోమీటర్ల పైనే. హైదరాబాద్ మీదుగా పోయిన నీడ విజయవాడ వైపు తిరిగితే 40 సెకన్లలోపే అక్కడ ఉంటుంది.

ఈ నీడ బాట వెడల్పు సూర్యుడు నెత్తి మీద ఉంటే నాలుగు కిలోమీటర్ల లోపు. సూర్యుడు కిందికి దిగేకొద్దీ ఐదు, ఆరు, ఇంకా పెరుగుతుంది. బాట మధ్య గీత మీద నిలబడితే స్టేషన్ సూర్యుడి నడిమధ్యగా పోతుంది. బాట అంచున నిలబడితే సూర్యుడి చివర గీరుకుంటూ పోతుంది. బాట బయట ఉంటే ఏమీ లేదు.

ఇంట్లోంచి కదలకుండా డాబా మీదే కావాలంటే ఎన్నాళ్లు ఆగాలి? స్టేషన్ రోజుకి పదిహేనున్నర చుట్లు తిరుగుతుంది, ప్రతి చుట్టులో సగం పగటి వైపు. ఆ బాటల పొడవు, వెడల్పు కలిపి నేను వేసిన రఫ్ లెక్క ప్రకారం ఒకే చోట ఏడాదికి ఒకటో రెండో. వాటిలో ఒకటి వానాకాలం మబ్బుల్లో పోతుంది. అదే 50 కిలోమీటర్లు బండి మీద వెళ్లడానికి రెడీ అయితే నెలకి ఒకటి రెండు దొరుకుతాయి. అందుకే ఫోన్ కన్నా బండిలో పెట్రోల్ ముఖ్యం అని మా తమ్ముడితో అంటుంటాను.

ఇదంతా మీరు లెక్క వేయక్కర్లేదు. ట్రాన్సిట్ ఫైండర్ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. మీ లొకేషన్, ఎంత దూరం వెళ్లగలరు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా అని ఇస్తే జాబితా ఇస్తుంది. ప్రతి ట్రాన్సిట్‌కి సెకనులో భాగాలతో సహా టైమ్, సూర్యుడి ఎత్తు, ఎంతసేపు, స్టేషన్ ఎంత పెద్దగా కనబడుతుంది అన్నీ ఉంటాయి. మ్యాప్ మీద మధ్య గీత కూడా గీసి చూపిస్తుంది. టైమ్ ఏ జోన్‌లో చూపిస్తోందో చూసుకోండి. మనకి యూటీసీకి ఐదున్నర గంటలు కలపాలి.

ఒక జాగ్రత్త. పది రోజుల ముందు చూసిన గీతని నమ్మి బయల్దేరొద్దు. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా పలచగా గాలి ఉంటుంది. దాని రాపిడికి స్టేషన్ నెలకి రెండు కిలోమీటర్ల దాకా కిందికి జారుతుంది. అప్పుడప్పుడు ఇంజిన్లు వెలిగించి మళ్లీ పైకి నెడతారు. నెట్టినప్పుడల్లా పాత లెక్క చెల్లదు. నా పద్ధతి ఇది: వారం ముందు చూసి సెలవు సంగతి చూసుకుంటాను, ముందు రోజు రాత్రి చూసి చోటు ఖాయం చేస్తాను, బయల్దేరే ముందు చివరిసారి చూస్తాను.

మధ్య గీత మీదే నిలబడాలని మొండిపట్టు వద్దు. దాని నుంచి అర కిలోమీటరు లోపల, సూర్యుడి వైపు చెట్లు, కరెంటు తీగలు లేని చోటు చాలు. సిమెంటు డాబా, తారు రోడ్డు వద్దు. వాటి నుంచి లేచే వేడి గాలికి సూర్యుడి అంచు మరుగుతున్న నీళ్లలా కదులుతుంది. గడ్డి నేల, చెరువు గట్టు, పొలం గట్టు మంచివి. మధ్యాహ్నం కన్నా పొద్దున మంచిది.

మనకున్న ఒక లాభం

ఈ ఫోటోల్లో పేరున్నవాడు ఫ్రాన్స్‌కి చెందిన థియరీ లెగో. 2006 సెప్టెంబర్ 17న నార్మండీ నుంచి, స్పేస్ స్టేషన్, దాని నుంచి అప్పుడే విడిపోయిన అట్లాంటిస్ షటిల్ పక్కపక్కనే సూర్యుడి ముందు పోతుండగా తీశాడు. 2009 మే 13న ఫ్లోరిడా వెళ్లి, హబుల్ టెలిస్కోప్ రిపేరుకి వెళ్లిన అట్లాంటిస్‌ని హబుల్‌తో కలిపి పట్టుకున్నాడు. ఆ ట్రాన్సిట్ మొత్తం 0.8 సెకన్లు. 2017 ఆగస్టు 21 సూర్యగ్రహణం రోజున నాసా ఫోటోగ్రాఫర్ బిల్ ఇంగాల్స్ వాషింగ్టన్ రాష్ట్రంలోని రాస్ లేక్ నుంచి తీసిన ఫోటో కూడా వెతికి చూడండి. సగం కొరికిన సూర్యుడి మీద ఏడు ఫ్రేముల్లో స్టేషన్ వరసగా ఉంటుంది.

వాళ్ల దగ్గర ఉన్న పరికరాలు మన దగ్గర లేవు. కానీ వాళ్ల ఊళ్లకి లేనిది మన ఊళ్లకి ఉంది. నార్మండీలో ఎంత వేసవైనా సూర్యుడు నడినెత్తికి రాడు. మనం ఉష్ణమండలంలో ఉన్నాం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం నీడ కాళ్ల కిందికి వచ్చేస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో మిగతా ఊళ్లకీ ఏడాదికి రెండుసార్లు ఇలాంటి రోజులు వస్తాయి. ఆ రోజుల్లో మధ్యాహ్నం ట్రాన్సిట్ పడితే స్టేషన్ మనకి ఎంత దగ్గరగా రాగలదో అంత దగ్గరగా ఉంటుంది. 35వ వంతు అన్న ఆవగింజ అప్పుడే దొరుకుతుంది.

దీనికి మూల్యం కూడా ఉంది. అప్పుడు బాట సన్నగా ఉంటుంది, ట్రాన్సిట్ అర సెకనే, మే నెల ఎండలో గాలి ఊగుతుంది, టెలిస్కోప్‌ని నిట్టనిలువుగా ఎత్తితే ట్రైపాడ్ కాళ్లు తగులుతాయి, ఆగస్టులో మబ్బులు. మొదటిసారికి డిసెంబర్ నుంచి మార్చి మధ్యలో, సూర్యుడు 45 నుంచి 60 డిగ్రీల ఎత్తులో ఉన్న ట్రాన్సిట్ ఎంచుకోండి. సైజు కాస్త తగ్గినా పని సులువు.

ఫోటో బటన్ నొక్కొద్దు, వీడియో తీయండి

ఇది నా ఉద్యోగానికి దగ్గరైన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఇప్పటి ఫోన్లలో ఒక ఫోటో అంటే ఒక ఫోటో కాదు. బటన్ నొక్కగానే ఫోన్ చాలా ఫ్రేములు తీసి, వాటిల్లో ఒకదాన్ని ఆధారంగా పెట్టుకుని, మిగతావాటిని దాని మీద పేర్చి కలుపుతుంది. నాయిస్ తగ్గేది, హెచ్‌డీఆర్ వచ్చేది ఇలాగే. కలిపేటప్పుడు ఆధారం ఫ్రేముతో సరిపోలని భాగాలని వదిలేస్తుంది, లేకపోతే కదిలే మనుషులకి దెయ్యం నీడలు వస్తాయి.

ఇప్పుడు సూర్యుడి మీద నల్ల చుక్క సెకనులో అరవయ్యో వంతుకే తన పొడవంత దూరం జరిగిపోతోంది. ఆధారం ఫ్రేములో అది ఉంటే ఉంది. లేకపోతే మిగతా పది ఫ్రేముల్లో ఉన్నా ఫోన్ దాన్ని చెత్త అనుకుని తీసేస్తుంది. అంటే మీ ముందే జరిగిన విషయాన్ని ఫోన్ తన తెలివితో చెరిపేయగలదు. చంద్రుడి మీద లేనిది చేర్చే తెలివి, సూర్యుడి మీద ఉన్నది తీసే తెలివి, రెండూ ఒకటే: ఇలా ఉండాలి అని ముందే అనుకోవడం.

వీడియోలో ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది, పైగా సెకను ముందా వెనకా అన్న టెన్షన్ ఉండదు. ట్రాన్సిట్‌కి 30 సెకన్ల ముందు రికార్డింగ్ ఆన్ చేసి, అయిపోయాక 30 సెకన్లకి ఆపండి.

సెట్టింగ్స్ ఇలా పెట్టండి:

4కే, 60 ఎఫ్‌పీఎస్. 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో ఫ్రేములు నాలుగు రెట్లు వస్తాయి గానీ చాలా ఫోన్లలో అది 1080పీకి పడిపోతుంది, స్టేషన్ సైజు సగమవుతుంది. నాకు ఫ్రేముల సంఖ్య కన్నా పిక్సెళ్లు ముఖ్యం.

ప్రో వీడియో మోడ్, లేదా బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్. షటర్, ఐఎస్ఓ, ఫోకస్ మూడూ చేత్తో లాక్ చేయాలి.

ఐఎస్ఓ కనిష్ఠం. షటర్ 1/2000తో మొదలుపెట్టి, సూర్యుడు తెల్లగా కాలిపోకుండా లేత బూడిద రంగుకి వచ్చేదాకా వేగం పెంచండి. 1/60 దగ్గర వదిలేస్తే 15 పిక్సెళ్ల స్టేషన్ 17 పిక్సెళ్లు అదనంగా సాగి గీతలా వస్తుంది. 1/1000 దగ్గర ఆ సాగడం ఒక్క పిక్సెలే.

ఫోకస్‌కి సూర్యుడి మచ్చ ఏదైనా ఉంటే దాన్ని వాడండి, లేకపోతే సూర్యుడి అంచు. మచ్చ గీసినట్టు కనిపించాక లాక్ చేసి మళ్లీ ముట్టుకోవద్దు.

స్టెబిలైజేషన్, హెచ్‌డీఆర్, ఏఐ సీన్ అన్నీ ఆఫ్. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో. సరిగ్గా ఆ సెకనులోనే ఎవరో ఒకరు లోన్ కావాలా అని ఫోన్ చేస్తారు.

ఫ్లైట్ మోడ్‌లోకి వెళ్లే ముందు ఫోన్ టైమ్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి. రికార్డింగ్‌లో ఇంకో ఫోన్ గడియారం చూస్తూ సెకన్లు పైకి చదవండి. తర్వాత వీడియోలో వెతకడం తేలికవుతుంది.

ఐపీస్ ఎంపికలో ఒక చిక్కు ఉంది. భూమి తిరుగుతుంది కాబట్టి సూర్యుడు తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లో జరిగిపోతాడు. 10 ఎంఎం ఐపీస్‌లో సూర్యుడి చుట్టూ ఖాళీ చాలా తక్కువ. మోటార్ లేని స్టాండ్ మీద పూర్తి సూర్యుడు 40 సెకన్లు నిలిస్తే ఎక్కువ. 25 ఎంఎం ఐపీస్‌లో ఐదు నిమిషాల దాకా ఉంటాడు. మొదటిసారి 25 ఎంఎం పెట్టుకోండి. ట్రాన్సిట్ టైమ్‌కి సూర్యుడు ఫ్రేము మధ్యకి వచ్చేలా ముందే కాస్త పక్కకి పెట్టి వదిలేయండి, చెయ్యి తీసేయండి.

ముందు రోజు అదే టైమ్‌కి పూర్తి రిహార్సల్ చేయండి. ఖాళీ సూర్యుణ్నే షూట్ చేయండి. అడాప్టర్ జారుతుందా, ఎండలో ఫోన్ వేడెక్కి కెమెరా యాప్ మూసుకుంటుందా, స్క్రీన్ కనబడుతుందా అన్నీ అక్కడే తేలిపోతాయి. ఫోన్ మీద తడి గుడ్డ వద్దు, అట్టముక్క నీడ చాలు.

నాకు వచ్చింది ఏమిటి?

ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున, 10:45 దాటాక. గీత చేవెళ్ల వైపు నుంచి పోతోంది. సూర్యుడు 52 డిగ్రీల ఎత్తులో, స్టేషన్ 510 కిలోమీటర్ల దూరంలో, ట్రాన్సిట్ 0.62 సెకన్లు అని సైట్ చెప్పింది. 70 ఎంఎం టెలిస్కోప్, 25 ఎంఎం ఐపీస్, రెండేళ్ల పాత మిడ్‌రేంజ్ ఫోన్, షటర్ 1/4000.

పొలం గట్టు మీద స్టాండ్ వేసుకుంటే ఆ పొలం పెద్దమనిషి వచ్చి, "ఏం కొలుస్తున్రు సార్, రోడ్డు పడ్తదా?" అని అడిగాడు. సర్వే వాళ్లం కాదని చెప్పేసరికి ప్రశాంతంగా కూర్చున్నాడు. ట్రాన్సిట్ టైమ్‌కి ఫోన్ స్క్రీన్ మీద కళ్లార్పకుండా చూసినా నాకు ఏదో మెరిసి పోయినట్టు అనిపించిందే తప్ప ఆకారం తెలియలేదు. వీడియోని ఒక్కో ఫ్రేమూ ముందుకి జరిపితే ఉంది. సూర్యుడి ఎడమ అంచు మీద నల్ల నలుసు, తర్వాతి ఫ్రేములో కొంచెం ముందుకి, ఇంకొంచెం ముందుకి. మొత్తం 37 ఫ్రేములు. సెకనుకి 60 చొప్పున 0.62ని గుణించి చూడండి, అంతే వస్తుంది.

అందులో ఏడుగురు మనుషులు ఉన్నారని చెప్తే ఆయన స్క్రీన్ దగ్గరికి లాక్కుని, "గంత సుక్కల ఏడుగురుంటరా?" అన్నాడు. వేళ్లతో జూమ్ చేసి ఇంకోసారి చూశాడు. మన శుభాంశు శుక్లా 2025 జూన్, జూలైలో ఉన్నదీ ఈ చుక్కలోనే. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన రాజా చారి 2021 నవంబర్ నుంచి 2022 మే దాకా ఉన్నదీ ఇందులోనే.

ఇంటికొచ్చాక పని చిన్నదే. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ స్టేషన్ ఉన్నవి వెతికి సేవ్ చేసుకోవచ్చు. నేను ఫైతాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. ప్రతి ఫ్రేములో సూర్యుడి అంచు పట్టుకుని, అన్నీ ఒకే చోటికి జరిపి, ఒక్కో పిక్సెల్ దగ్గర అన్ని ఫ్రేముల్లో కనిష్ఠ విలువ తీసుకుంటుంది. స్టేషన్ సూర్యుడి కన్నా నల్లన కాబట్టి ప్రతి ఫ్రేములోని స్టేషనూ మిగులుతుంది. కోడింగ్ వద్దనుకుంటే జింప్‌లో ఫ్రేములని లేయర్లుగా వేసి డార్కెన్ ఓన్లీ మోడ్ పెట్టండి, అదే ఫలితం. సూర్యుడి మీద పూసలు గుచ్చినట్టు వరసగా స్టేషన్లు వస్తాయి.

మీకు దొరికింది స్టేషనేనా?

విమానమో, గద్దో, కెమెరా ముందు ఎగిరిన పురుగో కాదని ఎలా చెప్పాలి? మూడు పరీక్షలు ఉన్నాయి.

ఒకటి, గీత తిన్నగా ఉండాలి, పూసల మధ్య దూరం అన్నిచోట్లా సమానంగా ఉండాలి. పక్షి రెక్కలు కొడుతుంది, వంపు తిరుగుతుంది. దగ్గరగా ఉంటుంది కాబట్టి మసకగా పెద్దగా వస్తుంది.

రెండు, టైమ్, దిశ, ఫ్రేముల సంఖ్య మూడూ సైట్ చెప్పినదానితో కలవాలి. టైమ్‌లో సెకను అటూ ఇటూ పర్లేదు, దిశ మారకూడదు. ఐపీస్ దగ్గర వంపు అద్దం వాడితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, దాన్ని లెక్కలో పెట్టుకోండి.

మూడు, సూర్యుడి మచ్చలు కదలకూడదు. మచ్చ ఫ్రేములన్నిటిలో ఒకే చోట ఉంటుంది, స్టేషన్ ఒక్కచోట ఉండదు. ఆ రోజు మచ్చలు ఎక్కడున్నాయో నాసా సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ ఫోటోలు రోజూ వస్తుంటాయి, వాటితో పోల్చుకోవచ్చు.

వాట్సాప్‌లో సూర్యుడి ముందు స్పేస్ స్టేషన్ అంటూ నిమ్మకాయ మీద తాటికాయంత బొమ్మ వస్తే ఇప్పుడు మీరే చెప్పగలరు. 35వ వంతు కన్నా పెద్దగా ఉంటే అది కంప్యూటర్‌లో పుట్టింది.

ఎన్నాళ్లు ఉంటుంది ఈ అవకాశం?

స్పేస్ స్టేషన్ మొదటి భాగం జార్యా 1998 నవంబర్ 20న పైకి వెళ్లింది. 2000 నవంబర్ 2 నుంచి అందులో మనుషులు లేని రోజు లేదు. ఈ మధ్య పుట్టినవాళ్లకీ, నాలాగా ఇరవైల్లో ఉన్నవాళ్లకీ ఆకాశంలో ఎవరూ లేని కాలం గుర్తు లేదు. నాసా ఇప్పటి ప్రణాళిక ప్రకారం 2030 తర్వాత దీన్ని కిందికి దించి పసిఫిక్ మహాసముద్రంలో మారుమూల కూల్చేస్తారు. చైనా వాళ్ల తియాన్‌గాంగ్ ఉంటుంది, అదీ మన మీదుగా పోతుంది గానీ ఇంత పెద్దది కాదు.

మన మబ్బులు, సెలవులు, పెట్రోల్ అన్నీ తీసేస్తే ఏడాదికి నాలుగైదు మంచి ప్రయత్నాలు మిగులుతాయి. ఫిల్టర్ ఫిల్మ్ తెప్పించుకోవడానికి వారం పడుతుంది. ఈ లోపు ట్రాన్సిట్ ఫైండర్‌లో మీ ఊరు, 50 కిలోమీటర్లు అని కొట్టి చూడండి. మొదటి గీత ఏ చెరువు గట్టు మీదుగా పోతుందో చూస్తే మిగతాది దానంతటదే మొదలవుతుంది.